పొరుగువాడు అడిగే ప్రశ్న

కొన్నేళ్ళ క్రితం మాట. మార్చి నెల. మా చర్చిలో శ్రమల కాలపు సాయంకాల కూడికలు జరుగుతున్నాయి. ఎదుటి వీధిలో ఉండే ఒక బ్యాంకు ఉద్యోగి కూడిక ముగిసేదాకా గేటు దగ్గరే నిలబడి, జనమంతా వెళ్ళిపోయాక లోపలికి వచ్చారు. చేతులు జోడించి, "పాస్టరుగారూ, మీ ప్రార్థనలకు నేను అడ్డు చెప్పడం లేదు. మా అమ్మాయికి ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు. మీ గోపురం మీది మైకులు మా కిటికీ వైపే ఉన్నాయి. ఈ రెండు వారాలు కాస్త తగ్గించగలరా?" అన్నారు.

మరుసటి రోజు ఆ సంగతి సంఘ పెద్దల ముందు పెట్టాను. ఒక పెద్దాయన వెంటనే, "ఇది సెక్యులర్ దేశం అయ్యగారూ. మిగతావాళ్ళ మైకులు ఎవరు తగ్గిస్తున్నారు? మన హక్కు మనమెందుకు వదులుకోవాలి?" అన్నారు. చాలామంది తలలూపారు. నిజం చెప్పాలంటే ఆ పూట నాకూ జవాబు తోచలేదు. కానీ రాత్రి పడుకున్నాక ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. 'సెక్యులర్' అన్న మాటను మేము డాలులా పట్టుకున్నాం. ఆ డాలు చాటున నిలబడి పొరుగింటి ఆడపిల్ల చదువు సంగతే మరిచిపోయాం. లౌకిక దేశంలో సంఘం ఉన్నది తన హక్కులు లెక్కపెట్టుకోవడానికా, తన పొరుగువానికి సువార్తగా బ్రతకడానికా? ఆ రాత్రి నన్ను పట్టిన ఈ ప్రశ్న ఇప్పటికీ వదలలేదు.

మన తెలుగు సంఘాల్లో 'లౌకికం' అన్న మాటకు మంచి పేరు లేదు. లోకాశలు, లోక స్నేహం, లోక మర్యాద అన్నీ కలిపి లౌకికం అంటాం. ప్రసంగాల్లో దాన్ని గద్దిస్తాం. అదే మాట రాజ్యాంగ పీఠికలో కనిపిస్తే మాత్రం ఊరట చెందుతాం. 1976లో 42వ సవరణ ద్వారా పీఠికలో చేరిన ఆ మాటకు, ప్రభుత్వానికి సొంత మతం లేదని, పౌరులందరూ దాని ముందు సమానులని అర్థం. ఇక మూడో అర్థం ఒకటుంది. దేవుని ఊసు లేకుండానే చదువు, వ్యాపారం, రాజకీయం, కుటుంబం అన్నీ సాగిపోయే సమాజాన్ని కూడా లౌకిక సమాజమనే అంటారు. లౌకిక ప్రభుత్వం, లౌకిక సమాజం, లౌకిక బుద్ధి - ఈ మూడింటినీ ఒకే గంపలో వేయడం వల్లనే మనకు గందరగోళం. నా మట్టుకు నాకు మొదటిది సంఘానికి మేలు, రెండోది సంఘానికి పొలం, మూడోది సంఘానికి రోగం.

ముందుగా లౌకిక ప్రభుత్వం సంగతి చూద్దాం. రాజ్యాంగంలోని 25వ అధికరణ మతాన్ని అవలంబించడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి ప్రతి మనిషికీ స్వేచ్ఛ ఇచ్చింది. అదే అధికరణ ఆ స్వేచ్ఛకు ప్రజా శాంతి, నైతికత, ఆరోగ్యం అనే హద్దులు కూడా పెట్టింది. ఈ స్వేచ్ఛ మనకు ఊరకే రాలేదు. దాని వెనుక మన పెద్దల త్యాగం ఉంది. రాజ్యాంగ సభకు ఉపాధ్యక్షుడుగా, మైనారిటీల ఉపసంఘానికి అధ్యక్షుడుగా పనిచేసిన హెచ్.సి. ముఖర్జీ క్రైస్తవుడు. మతం ప్రాతిపదికన చట్టసభల్లో సీట్లు కేటాయించవద్దని 1949లో సభ నిర్ణయించినప్పుడు ఆయన దాన్ని సమర్థించారు. అంతకుముందే 1930లలో దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య కూడా క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. సంఘం ఒక ఓటు బ్యాంకుగా మిగిలిపోతే సువార్తకు నష్టమని ఆయన భయం. మనకంటూ ఒక మూల కేటాయించండని వాళ్ళు అడగలేదు. అందరితోపాటు ఒకే ఇంట్లో ఉంటామన్నారు.

బబులోనుకు చెరగా వెళ్ళిన యూదులకు ప్రవక్తయైన యిర్మీయా రాసిన ఉత్తరం ఇక్కడ గుర్తుకు వస్తుంది (యిర్మీయా 29వ అధ్యాయం). ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న పట్టణం బాగు కోరి దానికోసం ప్రార్థించండి, అది బాగుంటేనే మీరూ బాగుంటారు అన్నది ఆ ఉత్తరం సారాంశం. అది వాళ్ళ పట్టణం కాదు. అక్కడి రాజు వారి దేవాలయపు ఉపకరణాలను ఎత్తుకుపోయినవాడు. అయినా ఆ పట్టణాన్ని శపించమని దేవుడు చెప్పలేదు. అందులో కలిసిపోయి తమ దేవుణ్ణి మరిచిపొమ్మనీ చెప్పలేదు. చెరలో ఉన్నవారికే ఆ బాధ్యత ఉంటే, సొంత దేశంలో సమాన పౌరులుగా ఉన్న మనకు ఎంత బాధ్యత ఉండాలి!

నిజమే, మన లౌకిక ప్రభుత్వంలో లోపాలున్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. దళిత క్రైస్తవులను చేర్చలేదు. సర్టిఫికెట్టులో ఒక పేరు, చర్చి రిజిస్టరులో ఒక పేరు పెట్టుకుని బ్రతికే కుటుంబాల మూగబాధ తెలుగు పాస్టర్లకు తెలియనిది కాదు. ఈ అన్యాయం గురించి చట్టబద్ధంగా, మర్యాదగా, విసుగకుండా అడగాల్సిందే. అపొస్తలుడైన పౌలు కూడా తన రోమా పౌరసత్వాన్ని బట్టి న్యాయం అడిగాడు. అయితే ఒక్కటి గుర్తుంచుకోవాలి. న్యాయం మనకోసం మాత్రమే అడిగితే అది రాజకీయంగానే మిగిలిపోతుంది. పక్కవాడికి అన్యాయం జరిగినప్పుడు కూడా అదే గొంతుతో అడిగితేనే అది సాక్ష్యమవుతుంది.

మైకుల సంగతే తీసుకోండి. చెన్నైలో ఒక చర్చి శబ్దం మీద కాలనీవాసులు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇతరుల ప్రశాంతతను భంగం చేస్తూ ప్రార్థించాలని ఏ మతమూ చెప్పదని 2000 సంవత్సరం ఆగస్టులో న్యాయస్థానం తేల్చింది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు సిగ్గు కలిగింది. పొరుగువానిని ప్రేమించమన్న ఆజ్ఞ చేతిలో పెట్టుకుని ఉన్న మనకు ఆ సంగతి కోర్టు చెప్పాల్సి వచ్చిందా?

ఇక లౌకిక సమాజం. దీని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు బిషప్ లెస్లీ న్యూబిగిన్ గుర్తుకు వస్తారు. సెమినరీలో ఆయన పుస్తకాలు చదివినప్పుడు అవి పరాయి దేశపు సమస్యలనుకున్నాను. పాతికేళ్ళు పరిచర్య చేశాక అవి మన సమస్యలే అనిపిస్తున్నాయి. ఇంగ్లండులో పుట్టిన న్యూబిగిన్ 1936లో మిషనరీగా మన దేశానికి వచ్చారు. కాంచీపురంలో పనిచేస్తూ రామకృష్ణ మిషన్ వారితో కూర్చుని ఉపనిషత్తునూ యోహాను సువార్తనూ కలిసి చదివారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు, 37 ఏళ్ళ వయసులో దాని మొదటి బిషప్పులలో ఒకరయ్యారు. చివరికి మద్రాసు బిషప్పుగా పనిచేసి 1974లో స్వదేశానికి బయలుదేరారు. విమానం ఎక్కలేదు. భార్యతో కలిసి, కొద్దిపాటి సామానుతో, దొరికిన బస్సులు పట్టుకుని భూమార్గాన వెళ్ళారు.

ఆ దారిలో ఆ దంపతులు ఎక్కడికి వెళ్ళినా ఆదివారం నాడు కలిసి ఆరాధించడానికి తోటి విశ్వాసులు దొరికారు. టర్కీలోని కప్పదొకియలో మాత్రం ఒక్కరూ దొరకలేదు. భార్యాభర్తలిద్దరే కూర్చుని ప్రార్థించుకున్నారు. కప్పదొకియ మనకు కొత్త పేరు కాదు. పేతురు తన మొదటి పత్రికను ఏ ప్రాంతాల విశ్వాసులకు రాశాడో ఆ జాబితాలో అదొకటి. నాల్గవ శతాబ్దంలో బసిలు, గ్రెగొరీ వంటి మహా దైవజ్ఞులను కన్న నేల అది. శతాబ్దాల యుద్ధాలు, రాజ్యాల మార్పులు, చివరికి 1923లో గ్రీసు-టర్కీల మధ్య జరిగిన జనాభా మార్పిడి అక్కడి క్రైస్తవులను తుడిచిపెట్టాయి. ఒక నేలలో సంఘం ఎంత గొప్పగా వేరూనినా ఎల్లకాలం ఉంటుందన్న వాగ్దానం లేఖనంలో ఎక్కడా లేదు.

కప్పదొకియలో సంఘం ఒత్తిడికి గురై వెళ్ళిపోయింది. న్యూబిగిన్ చేరుకున్న ఇంగ్లండులో ఎవరూ సంఘాన్ని కొట్టలేదు, తరమలేదు. అయినా చర్చిలు ఖాళీ అవుతున్నాయి. ఆయన బర్మింగ్‌హామ్ నగరంలో, జైలు ఎదుట ఉన్న ఒక చిన్న సంఘం మూతపడబోతుంటే దాని కాపరిత్వాన్ని వృద్ధాప్యంలో చేతికెత్తుకున్నారు. ఇల్లిల్లూ తిరిగితే ఆసియా దేశాల నుండి వచ్చి స్థిరపడినవారు తలుపు తీసి ఆదరించేవారు. స్థానిక ఇంగ్లీషువారి తలుపులు మాత్రం మూసుకునేవి. మన దేశంలో తాను చూసిన వ్యతిరేకత కన్నా అక్కడి చల్లని నిర్లక్ష్యాన్ని ఎదుర్కోవడం కష్టమని ఆయన గ్రహించారు. ఆయన 1998లో కన్నుమూశారు. ఆ తర్వాత జనాభా లెక్కలు ఏం చెప్పాయో చూడండి. ఇంగ్లండు, వేల్సులలో తాము క్రైస్తవులమని చెప్పుకున్నవారు 2001లో 71.7 శాతం ఉంటే, 2021 నాటికి 46.2 శాతానికి దిగారు. ఏ మతమూ లేదన్నవారు 37.2 శాతం.

ఎందుకిలా జరిగింది? న్యూబిగిన్ చెప్పిన కారణం మనమందరం జాగ్రత్తగా వినాల్సింది. ఆ సమాజం జీవితాన్ని రెండు గదులుగా విడదీసింది. ఒక గదిలో లెక్కలు, శాస్త్రం, వ్యాపారం, పరిపాలన. అవన్నీ అందరికీ వర్తించే వాస్తవాలు. రెండో గదిలో భక్తి, విశ్వాసం, విలువలు. అవి ఎవరి ఇష్టం వారివి. సంఘం ఈ విభజనకు ఎదురు చెప్పకుండా, తనకిచ్చిన చిన్న గదిలో సర్దుకుని కూర్చుంది. అలాగని సంఘం మళ్ళీ రాజదండం పట్టుకోవాలని ఆయన అనలేదు. క్రీస్తు సంగతి అందరికీ సంబంధించిన సత్యమే. కానీ దాన్ని సమాజం నమ్మాలంటే, ఆ సత్యాన్ని నమ్మి దాని ప్రకారం బ్రతికే ఒక స్థానిక సంఘం కళ్ళెదుట కనిపించాలి అన్నారు. ఆయన మాటల్లో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే.

'మన దేశం ఇంగ్లండు కాదు కదా, ఇక్కడ గుళ్ళు, మసీదులు, చర్చిలు అన్నీ నిండుగానే ఉన్నాయి' అని మీరనవచ్చు. నిజమే. కానీ మన పిల్లలు ఇప్పుడు గచ్చిబౌలిలో, బెంగుళూరులో, డల్లాసులో ఉన్నారు. వాళ్ళ ఆఫీసుల్లో ఎవరూ వాళ్ళ విశ్వాసాన్ని హింసించరు. అసలు పట్టించుకోరు. మా సంఘంలో పెరిగి, సండే స్కూలులో వాక్యాలు కంఠతా చెప్పి బహుమతులు తెచ్చుకున్న ఒక కుర్రవాడు సెలవులకు వచ్చి, "అయ్యగారూ, నేను దేవుణ్ణి వదిలేయలేదు. వారమంతా ఆయన అవసరం ఎక్కడా రావడం లేదు, అంతే" అన్నాడు. అతణ్ణి కోప్పడలేకపోయాను. వారమంతటికీ సరిపోయే విశ్వాసాన్ని మేము అతనికి నేర్పలేదని నాకు తెలుసు. ఆదివారానికి సరిపడా మాత్రమే నేర్పాం.

ఇక్కడే మూడోది, లౌకిక బుద్ధి, బయటపడుతుంది. అది బయటి సమాజం నుండి మనమీదికి దండెత్తి రాలేదు. మన ఇళ్ళలోనే కాపురముంది. ఆదివారం బల్ల దగ్గర ఒకే రొట్టె, ఒకే పాత్ర అంటాం. సంబంధాలు చూసేటప్పుడు మాత్రం 'క్రైస్తవులే, కానీ మనవాళ్ళేనా?' అని ఆరా తీస్తాం. ఆదివారం సాక్ష్యం చెప్పిన నోటితోనే సోమవారం ఆఫీసులో చేయి చాపుతాం. విశ్వాసులు ఒకరి మీద ఒకరు వ్యాజ్యాలకు పోవడమేమిటని పౌలు కొరింథు సంఘాన్ని సిగ్గుపరిచాడు (1 కొరింథీయులకు 6వ అధ్యాయం). మనమేమో చర్చి ఆస్తుల కోసం, కమిటీ పదవుల కోసం కోర్టు మెట్లు ఎక్కుతూనే ఉన్నాం. జీవితాన్ని రెండు గదులు చేసినవారు పాశ్చాత్యులు మాత్రమే కాదు. మన ఇళ్ళలోనూ ఆ అడ్డుగోడ ఉంది. లౌకిక ప్రభుత్వం మనల్ని చెడగొట్టలేదు. కులం, డబ్బు, పదవి అనే మూడింటికి లోపలి గది తాళంచెవి మనమే ఇచ్చాం.

మరి ఏం చేయాలి? మన నేల మీదే జవాబుంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా దోర్నకల్‌కు వచ్చిన అజరయ్యగారు తమిళుడు. మనకోసం తెలుగు నేర్చుకున్నారు. ఆయన దగ్గర డబ్బు లేదు, అధికారం లేదు. ఊరూరా ఉన్న విశ్వాసులలో ఎక్కువమంది మాల మాదిగ పల్లెల కూలీలు, చదువు లేనివారు. బాప్తిస్మం పొందినవారి చేత తలమీద చేయి పెట్టించి, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ తప్పదన్న పౌలు మాటను (1 కొరింథీయులకు 9:16) చెప్పించేవారట. సాక్ష్యం జీతగాళ్ళ పని కాదు, ప్రతి విశ్వాసి పని అని ఆయన పట్టుదల. ఫలితమేమిటంటే, ఆ పల్లెలవారి తాగుడు మానడం, పిల్లలను బడికి పంపడం, తల ఎత్తుకుని బ్రతకడం చూసి ఊళ్ళోని ఇతర కులాలవారు 'వీళ్ళకేమైంది?' అని అడగడం మొదలుపెట్టారు. అలా అడిగినవారిలో కొందరు సంఘంలోకి కూడా వచ్చారు. వారిని పిలిచినది పెద్ద ప్రసంగం కాదు, తాము ఒకప్పుడు ముట్టుకోని మనుషుల మారిన బ్రతుకు.

సేవ సంగతీ అంతే. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి స్థాపించారు. దానికి విరాళమిచ్చి ఆదుకున్నవారు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. అది నిజాం ఏలుబడిలోని నేల. క్రైస్తవ వైద్యురాలు, హిందూ దాత, ముస్లిం పాలకుని రాజ్యం, అందరూ వెలివేసిన రోగి. 'లౌకిక' అన్న మాట మన రాజ్యాంగంలోకి రాకముందే ఆ అనుభవం మన నేల మీద ఉంది. సేవ చేయడానికి అందరూ మన మతంలో ఉండాలని ఆ డాక్టరమ్మ షరతు పెట్టలేదు. తన ప్రభువు పేరు దాచుకోనూ లేదు.

'దాడులు జరుగుతున్న రోజుల్లో మీరు మైకు తగ్గించమంటారా? అది భయం కాదా?' అని నన్ను అడిగినవారున్నారు. మంచి ప్రశ్నే. 1999 జనవరి 22 రాత్రి ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో కుష్ఠు రోగుల సేవకుడు గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు కుమారులను సజీవ దహనం చేశారు. గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానన్నారు. అలాగని చట్టం పని చట్టం చేయవద్దనలేదు. విచారణ జరిగింది, శిక్షలు పడ్డాయి. ఆమె మాత్రం వెంటనే దేశం విడిచిపోకుండా రోగుల మధ్యే ఇంకా కొన్నేళ్ళు పనిచేశారు. 2005లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. క్షమించడం భయమని ఎవరైనా అనగలరా? ఏ మతమూ లేనివారు, మనల్ని ఇష్టపడనివారు కూడా ఆ రోజుల్లో 'ఈమెకు ఇది ఎలా సాధ్యమైంది?' అని అడిగారు. ఎన్ని మైకులు పెట్టినా పుట్టించలేని ప్రశ్న అది.

పేతురు కప్పదొకియ మొదలైన ప్రాంతాలవారికి రాసిన పత్రికలో ఒక మాట ఉంది (1 పేతురు 3:15). మీలో ఉన్న నిరీక్షణకు కారణమేమిటని అడిగే ప్రతివానికీ సాత్వికంతో, భయంతో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండాలన్నది దాని భావం. ఈ వాక్యం మీద ఎన్నో ప్రసంగాలు చేశాం. అన్నింటిలోనూ సమాధానం గురించే మాట్లాడాం. 'అడిగేవాడు' అన్న మాటను దాటిపోయాం. ఎవరూ అడగకపోతే మన సమాధానం ఎవరికోసం? పెంతెకొస్తు దినాన పేతురు ప్రసంగం కూడా జనం 'ఇదేమిటి?' అని అడిగిన తరువాతే మొదలైంది (అపొస్తలుల కార్యములు 2:12-14). లౌకిక సమాజంలో సంఘానికున్న మొదటి పని, పొరుగువానికి ఆ ప్రశ్న పుట్టేలా బ్రతకడం. రెండో పని, అడిగినప్పుడు నోరు తెరిచి యేసు ప్రభువు పేరు చెప్పడం. మొదటిది లేని రెండోది శబ్దం. రెండోది లేని మొదటిది, మన గొప్ప మనం చెప్పుకోవడమే అవుతుంది.

ఇంతకీ మైకుల సంగతి చెప్పి ముగిస్తాను. పెద్దల కమిటీ రెండుసార్లు కూర్చుంది. చివరికి గోపురం మీది మైకులు దింపి, లోపల రెండు చిన్న స్పీకర్లు పెట్టుకున్నాం. రెండు కుటుంబాలు నామీద అలిగి వేరే చర్చికి వెళ్ళిపోయాయి. వారిలో ఒకరు ఇంకా తిరిగి రాలేదు. అది నాకిప్పటికీ బాధే. పరీక్షలయ్యాక ఆ బ్యాంకు ఉద్యోగి మళ్ళీ వచ్చారు. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. "రెండు వారాలు తగ్గించమంటే మీరు పూర్తిగా తీసేశారు. ఎందుకు?" అని అడిగారు.

ఆయన ఈనాటికీ క్రైస్తవుడు కాలేదు. నేను ఆయనను అలా లెక్కపెట్టుకుని చూడనూ లేదు. కానీ ఆ సాయంకాలం మా వరండాలో కూర్చుని గంటసేపు మాట్లాడుకున్నాం. ముప్పై ఏళ్ళుగా అదే వీధిలో గొట్టం మైకులతో ప్రకటించిన ప్రభువును గురించి ఆయన మొదటిసారి నన్ను అడిగి తెలుసుకున్నారు.

ప్రియ పాఠకులారా, వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక మీ చర్చి గేటు దగ్గర ఒక్క నిమిషం నిలబడి వీధి వైపు చూడండి. ఆ వీధిలో మన సంఘాన్ని చూసి 'ఎందుకు?' అని అడిగేవారు ఒక్కరైనా ఉన్నారా? లేకపోతే తప్పు వీధిది కాదు. అడిగేలా బ్రతికే కృప, అడిగినప్పుడు సాత్వికంతో చెప్పే ధైర్యం ప్రభువు మన సంఘాలకు దయచేయును గాక. ఆమేన్.